సీబీ1ని పట్టిందా, సీబీ2ని పట్టిందా? బైండింగ్ కొలతలపై పాఠకుల ప్రశ్నలు

గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ, దాన్ని పోలిన కొత్త మందులు శరీరంలో ఏ రిసెప్టర్‌ను (కణాల మీద మందును అందుకునే ప్రొటీన్‌ను) ఎంత గట్టిగా పట్టుకుంటాయో ఎలా కొలుస్తారని అడుగుతూ విద్యార్థుల నుంచి, ఉపాధ్యాయుల నుంచి, మామూలు పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలివి. ల్యాబ్‌లో బల్ల దగ్గర నిలబడ్డప్పుడు పనికొచ్చేవి అంకెలే కాబట్టి లెక్కలు వదలకుండా రాశాం.

ప్రశ్న: ఒక పదార్థం ‘సీబీ2కి 200 రెట్లు సెలెక్టివ్’ అని చదివాను. ఈ 200 ఎలా వచ్చింది? ఎన్ని రెట్లుంటే మందుగా పనికొస్తుంది?
- బీ ఫార్మసీ విద్యార్థి, గుంటూరు

జవాబు: సెలెక్టివ్ అంటే ఒక రిసెప్టర్‌ను వదిలి ఇంకోదాన్ని ఎంచుకుని పట్టేది. గంజాయి తరహా పదార్థాలు (కన్నాబినాయిడ్లు) పట్టే రిసెప్టర్లు ప్రధానంగా రెండు. సీబీ1 మెదడులో దండిగా ఉంటుంది. మత్తు, మతిమరుపు, విపరీతమైన ఆకలి దీని పనే. 1990లో ఎలుక మెదడు నుంచి దీని జన్యువును క్లోన్ చేశారు. 1993లో దొరికిన సీబీ2 ఎక్కువగా ప్లీహం, టాన్సిల్స్, రోగనిరోధక కణాల్లో కనిపిస్తుంది. నొప్పి, వాపు తగ్గాలి గానీ మత్తు రాకూడదు అనుకునేవాళ్లంతా సీబీ2 మీద ఆశ పెట్టుకున్నది అందుకే.

పని మాత్రం తేలిక కాదు. మనిషి సీబీ1లో 472 అమైనో ఆమ్లాలు, సీబీ2లో 360. మొత్తంగా చూస్తే పోలిక 44 శాతమే. కానీ కణపు పొరలో ఇమిడి ఉండే భాగాలను మాత్రమే తీసుకుంటే పోలిక 68 శాతానికి పెరుగుతుంది. మందు కూర్చునే గుంట ఉన్నది సరిగ్గా ఆ భాగాల్లోనే. టీహెచ్‌సీకి రెండింటి మధ్య తేడా తెలియదు. రెండు చోట్లా దాని పట్టును చెప్పే అంకె, కేఐ, సుమారు 40 నానోమోలార్ (చాలా చిన్న గాఢతలకు కొలమానం).

కేఐ అంటే, పోటీకి వేరే ఏదీ లేనప్పుడు రిసెప్టర్లలో సగం నిండటానికి కావలసిన మందు గాఢత. అంకె ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది. జేడబ్ల్యూహెచ్-133 అనే పదార్థానికి సీబీ2 దగ్గర కేఐ 3.4 నానోమోలార్, సీబీ1 దగ్గర 677. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే 199. మీరు చదివిన 200 బహుశా ఇదే.

ఎన్ని రెట్లు చాలు అన్నదానికి ఒకే అంకె లేదు. అదే పదార్థంతో లెక్క వేసి చూడండి. రిసెప్టర్ చుట్టూ స్వేచ్ఛగా ఉన్న మందు 34 నానోమోలార్ అయితే సీబీ2 91 శాతం నిండుతుంది, సీబీ1 5 శాతానికి కాస్త లోపే ఉంటుంది. మోతాదు పెంచి 677కు తీసుకెళితే సీబీ2లో పెరిగేది ఇంకొక 9 శాతం లోపే, సీబీ1 మాత్రం సగం నిండిపోతుంది. అంటే 200 రెట్ల తేడా కూడా సరైన మోతాదులో ఉన్నంతసేపే కాపాడుతుంది. పది రెట్ల తేడా చూసి ‘సెలెక్టివ్’ అని రాసే పత్రాలను మేమైతే ఒప్పుకోం. ఆ పదార్థంతో సీబీ2ను బాగా నింపాలంటే సీబీ1 కూడా దాదాపు సగం నిండక తప్పదు.

హెచ్‌యూ-308 అనే ఇంకో పదార్థానికి సీబీ2 కేఐ 22.7 నానోమోలార్. సీబీ1 దగ్గర 10,000 దాటినా కేఐ తేలలేదు. అలాంటప్పుడు ‘440 రెట్లకు పైగా’ అనే రాయాలి. ఆ ‘పైగా’ను జారవిడిచి 440 అని పట్టికలో వేస్తే, తర్వాత దాన్ని ఎత్తి రాసుకునేవాళ్లందరికీ అది కొలిచిన విలువలా కనిపిస్తుంది.

ప్రశ్న: మా ల్యాబ్‌లో మొదటిసారి ఈ బైండింగ్ పరీక్ష (అస్సే) పెడుతున్నాం. 96 గుంటల ప్లేటులో చేయాలని ఉద్దేశం. ఏయే పరిమాణాలతో మొదలుపెట్టాలి?
- పీహెచ్‌డీ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఈ పరీక్షలో రేడియోధార్మిక గుర్తు ఉన్న పదార్థాన్ని (హాట్ లిగాండ్, పొట్టిగా హాట్) రిసెప్టర్లకు పట్టించి, మీ పదార్థం దాన్ని ఎంత తోసేస్తుందో కొలుస్తారు. దానికి ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) గుర్తు పెట్టిన సీపీ-55,940 అనే కన్నాబినాయిడ్‌ను వాడండి. 1988లో ఎలుక మెదడులో ఈ రిసెప్టర్ ఉందని తొలిసారి నిరూపించింది దీనితోనే. మీ పనికి దీనిలో ఉన్న అసలు సుగుణం వేరు: ఇది సీబీ1నూ సీబీ2నూ దాదాపు ఒకే బలంతో పట్టుకుంటుంది, కేడీ (కేఐ లాంటిదే, హాట్ లిగాండ్ పట్టును చెప్పే అంకె) రెండు చోట్లా 1 నానోమోలార్ దరిదాపుల్లోనే. రెండు రిసెప్టర్లనూ ఒకే హాట్ లిగాండ్‌తో, ఒకే బఫర్‌లో, ఒకే రోజు కొలవగలుగుతారు. నిష్పత్తి నమ్మదగినదయ్యేది ఇలా కొలిచినప్పుడే.

రిసెప్టర్లున్న కణపు పొరల (మెంబ్రేన్ల) కోసం మనిషి సీబీ1, మనిషి సీబీ2 విడివిడిగా వ్యక్తమయ్యే, ల్యాబ్‌లో పెంచే సీహెచ్ఓ లేదా హెచ్ఈకే కణాలు తీసుకోండి. ఏ రిసెప్టరూ పెట్టని అవే కణాల మెంబ్రేన్ కూడా ఒకటి తయారుగా ఉంచుకోండి. అందులో స్పెసిఫిక్ బైండింగ్ (రిసెప్టర్‌నే పట్టిన హాట్) కనిపిస్తే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. కణాలను మంచు మీద హోమోజినైజ్ చేసి, 1,000 జీ (భూమ్యాకర్షణకు వెయ్యి రెట్ల బలం) దగ్గర 10 నిమిషాలు తిప్పి కేంద్రకాలు, పగలని కణాలు పారేయండి. పైద్రవాన్ని 4 డిగ్రీల్లో 40,000 జీ దగ్గర 30 నిమిషాలు తిప్పితే అడుగున చేరేది మీకు కావలసిన మెంబ్రేన్. దాన్ని బఫర్‌లో కలిపి, ప్రొటీన్ కొలిచి, చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80లో దాచండి. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించవద్దు. ప్రొటీన్ కొలత బీఎస్ఏ కలపకముందే అయిపోవాలి. కలిపాక కొలిస్తే మీరు కొలిచేది ఆవు అల్బుమిన్‌ను.

బఫర్: 50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 7.4, 5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ, కొవ్వు ఆమ్లాలు తీసేసిన బీఎస్ఏ 0.1 శాతం. ట్రిస్ పీహెచ్ వేడితో మారుతుంది కాబట్టి, పొదిగే ఉష్ణోగ్రతలోనే 7.4కు సరిచేయండి.

ఒక్కో గుంటలో మొత్తం 200 మైక్రోలీటర్లు: మెంబ్రేన్ 100, హాట్ 50, పరీక్షించే పదార్థం 50. హాట్‌ను 2 నానోమోలార్‌గా చేసుకుంటే గుంటలో 0.5 అవుతుంది. పదార్థాన్ని 10 మైక్రోమోలార్ నుంచి 0.3 నానోమోలార్ వరకు అర లాగ్ మెట్లుగా పది గాఢతల్లో పెట్టండి. ఈ పలచన అంతా స్వచ్ఛమైన డీఎంఎస్ఓ అనే ద్రావణిలోనే జరగాలి. 2 మిల్లీమోలార్‌తో మొదలుపెట్టి, ప్రతి మెట్టులో 20 మైక్రోలీటర్లకు 43 మైక్రోలీటర్ల డీఎంఎస్ఓ కలపాలి, ప్రతిసారీ టిప్ మార్చాలి. చివర్లో ఒక్కోదాన్నీ 50 రెట్లు బఫర్‌లోకి పలచన చేసి గుంటలో వేస్తే డీఎంఎస్ఓ 0.5 శాతంగా తేలుతుంది. పదార్థం వేయని గుంటల్లోనూ అంతే డీఎంఎస్ఓ ఉండాలి.

నాన్‌స్పెసిఫిక్ గుంటల్లో, అంటే రిసెప్టర్‌ను కాక వేరేవాటిని పట్టిన హాట్‌ను కొలిచే గుంటల్లో, 10 మైక్రోమోలార్ విన్-55,212-2 అనే కన్నాబినాయిడ్ వేయండి. రేడియోధార్మికత లేని (‘చల్లటి’) సీపీ-55,940నే వాడేవాళ్లూ ఉన్నారు. కానీ హాట్ లిగాండ్‌కు రసాయనికంగా దూరమైన పదార్థాన్ని వాడటమే మేలు. లేకపోతే ఫిల్టర్ మీదో గాజు మీదో ఉన్న, నిండిపోగల అంటుకునే చోట్లు కూడా రిసెప్టర్ కింద లెక్కలోకి వచ్చేస్తాయి.

30 డిగ్రీల్లో 90 నిమిషాలు ఉంచండి. సమతాస్థితికి ఆ సమయం చాలుతుందో లేదో ఒకసారి 30, 60, 90, 120, 180 నిమిషాల్లో కొలిచి చూసుకోవాలి. ఆ తర్వాత 0.1 శాతం పాలీఇథిలీన్‌ఇమైన్‌లో అరగంటైనా నానిన జీఎఫ్/సీ గాజుపీచు ఫిల్టర్ మీదుగా లాగి, బీఎస్ఏ కలిపిన మంచుచల్లని బఫర్‌తో నాలుగైదు సార్లు చకచకా కడగండి. ఫిల్టర్‌ను పూర్తిగా ఆరబెట్టాకే సింటిలేషన్ ద్రవం వేయాలి. ట్రిటియం బీటా కణం నీటిలో ఆరు మైక్రాన్లకు మించి పోదు, తడి మిగిలితే లెక్క పడిపోతుంది. ద్రవం వేశాక కొన్ని గంటలు చీకట్లో ఉంచి లెక్కించండి.

ఇక మెంబ్రేన్ ఎంత? అందరూ తొందరపడే చోటు ఇదే. సీపీ-55,940 స్పెసిఫిక్ యాక్టివిటీ మిల్లీమోల్‌కు 150 క్యూరీలు అనుకుందాం. అంటే ఫెమ్టోమోల్‌కు 333 డీపీఎం (నిమిషానికి జరిగే అణు విచ్ఛిత్తులు). 200 మైక్రోలీటర్లలో 0.5 నానోమోలార్ అంటే 100 ఫెమ్టోమోల్‌లు, 33,300 డీపీఎం. మెంబ్రేన్‌లో మిల్లీగ్రాముకు 2 పికోమోల్‌ల రిసెప్టర్ ఉంటే 5 మైక్రోగ్రాముల్లో 10 ఫెమ్టోమోల్‌లుంటాయి. కేడీ 1 నానోమోలార్ కాబట్టి వాటిలో మూడోవంతు నిండుతుంది: 3.3 ఫెమ్టోమోల్‌లు, సుమారు 1,100 డీపీఎం. వేసిన హాట్‌లో ఇది 3 శాతం, నిక్షేపంగా ఉంది. సిగ్నల్ చాలడం లేదని మెంబ్రేన్‌ను 50 మైక్రోగ్రాములకు పెంచారనుకోండి, వేసిన హాట్‌లో దాదాపు 27 శాతాన్ని రిసెప్టరే లాగేసుకుంటుంది. అప్పుడు స్వేచ్ఛగా ఉన్న లిగాండ్ 0.5 కాదు, కానీ మీ లెక్క 0.5 అనే నమ్ముతుంది. పట్టుబడినది 10 శాతం దాటకూడదన్నది హద్దు. సీబీ1 మెంబ్రేన్‌కూ సీబీ2 మెంబ్రేన్‌కూ రిసెప్టర్ సాంద్రత వేరుగా ఉంటుంది కాబట్టి ఈ లెక్క రెండింటికీ విడిగా చేయండి. గుంటలో ఒకే మైక్రోగ్రాములు ఉండటం ముఖ్యం కాదు, రెండు చోట్లా ఈ హద్దులోపల ఉండటం ముఖ్యం.

ప్రశ్న: మా నాన్‌స్పెసిఫిక్ బైండింగ్ మొత్తంలో సగానికి పైగా వస్తోంది. రోజుకో రకంగా మారుతోంది కూడా. ఎక్కడ వెతకాలి?
- రీసెర్చ్ అసిస్టెంట్, విశాఖపట్నం

జవాబు: కన్నాబినాయిడ్లన్నీ నూనెలాంటివి. నీటిలో నిలవకుండా, ఆవకాయ జాడీ గోడకు నూనె పట్టినట్టు, దొరికిన ప్రతి గోడకూ పడతాయి. ఈ అస్సేలో వచ్చే కష్టాల్లో చాలా వాటికి మూలం ఇదే కనుక ఒక్కో మెట్టూ విడదీసి చూడాలి.

మొదట మెంబ్రేన్ లేకుండా హాట్ ఒక్కటే వేసి, ఫిల్టర్ చేసి లెక్కించండి. లెక్క మెంబ్రేన్ ఉన్నప్పటి నాన్‌స్పెసిఫిక్‌తో సమానంగా వస్తే దోషం ఫిల్టర్‌దీ కడగడానిదీ. పాలీఇథిలీన్‌ఇమైన్ తాజాగా చేసిందా, కడిగే బఫర్‌లో బీఎస్ఏ వేశారా, అది నిజంగా మంచులా చల్లగా ఉందా చూడండి. కడిగే బఫర్‌లో బీఎస్ఏ మరిచిపోవడమే తరచుగా తేలే కారణం. లెక్క చాలా తక్కువ వస్తే దోషం మెంబ్రేన్‌ది. ప్రొటీన్ ఎక్కువైంది, లేదా ఆ కణాల్లో రిసెప్టర్ తగ్గిపోయింది. అనేకసార్లు పెంచిన కణాల్లో వ్యక్తీకరణ పడిపోతుంటుంది. ఎంపిక చేసే యాంటీబయాటిక్ ఆపేసి పెంచితే మరీ త్వరగా పడిపోతుంది.

తర్వాత హాట్ నిజంగా ఎంత చేరుతోందో చూడండి. ప్రతి ప్రయోగంలోనూ, గుంటల్లో వేయడం మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి హాట్ గొట్టం నుంచి 50 మైక్రోలీటర్లు తీసి లెక్కించండి. రెండో లెక్క తగ్గితే మీరు ప్లేటు నింపుతున్నంతసేపూ లిగాండ్ గొట్టం గోడకు ఎక్కుతూనే ఉందన్నమాట. సిలికాన్ పూత వేసిన గాజు గొట్టంలో, బీఎస్ఏ ఉన్న బఫర్‌లో, వాడే ముందు మాత్రమే పలచన చేయండి. మామూలు ప్లాస్టిక్ గొట్టంలో పొద్దున కలిపి మధ్యాహ్నం వాడితే రోజుకో రకం ఫలితం రాక మానదు.

బీఎస్ఏ మేలు చేసినట్టే కీడూ చేస్తుంది. అది కూడా కన్నాబినాయిడ్లను పట్టుకుంటుంది. దాన్ని పెంచినకొద్దీ స్వేచ్ఛగా ఉన్న మందు తగ్గి, కేఐ పెరిగినట్టు కనిపిస్తుంది. 0.1 శాతంతో చేసిన సీబీ1ను, 0.5 శాతంతో చేసిన సీబీ2తో పోల్చడం దండగ. ఎంత వేసినా సరే, రెండు వైపులా ఒకటే వేయండి, ఎంత వేశారో రాయండి.

ప్రశ్న: ఒకే పదార్థానికి మా ఐసీ50 60 నానోమోలార్, స్నేహితుల ల్యాబ్‌లో 120. ఎవరిది తప్పు?
- ఎంఎస్సీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఇద్దరిదీ ఒప్పే కావచ్చు. ఐసీ50, అంటే హాట్ బైండింగ్‌ను సగానికి తగ్గించే గాఢత, హాట్ ఎంత వేశారన్నదాని మీద ఆధారపడుతుంది. 1973 నుంచి వాడుకలో ఉన్న చెంగ్-ప్రూసాఫ్ సూత్రం దీనికోసమే: హాట్ గాఢతను దాని కేడీతో భాగించి, ఒకటి కలిపి, వచ్చినదానితో ఐసీ50ని భాగించాలి. మీరు 0.5 వేశారు, కేడీ 1 అనుకుంటే 60ని 1.5తో భాగిస్తే 40. వాళ్లు 2 నానోమోలార్ వేసి ఉంటే 120ని 3తో భాగించినా అదే 40.

ఈ సూత్రంలో కేడీ మీరు మీ మెంబ్రేన్‌తో కొలిచినదై ఉండాలి. 0.05 నుంచి 5 నానోమోలార్ దాకా హాట్‌తో సంతృప్తి ప్రయోగం చేసి, సీబీ1కు ఒకటి, సీబీ2కు ఒకటి తేల్చుకోండి. పాత పత్రంలోంచి కేడీ 0.5 అని తెచ్చుకుని పెడితే మీ 40 కాస్తా 30 అవుతుంది. ఒక రిసెప్టర్‌కు సొంత కేడీ, ఇంకోదానికి అరువు కేడీ వాడితే ఆ తేడా నేరుగా నిష్పత్తిలోకి వెళ్లిపోతుంది.

సూత్రం పనికిరాని చోటు కూడా ఉంది. పైన చెప్పిన 5 మైక్రోగ్రాముల గుంటలో రిసెప్టరే 0.05 నానోమోలార్. హెచ్‌యూ-210లాగా కేఐ దాదాపు అదే స్థాయిలో ఉండే పదార్థం వేస్తే, దాన్ని కూడా రిసెప్టరే తినేస్తుంది, ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తుంది. గట్టిగా పట్టేవి నెమ్మదిగా వదులుతాయి కూడా. వాటికి 90 నిమిషాలు చాలకపోవచ్చు. రెండో కొసన, బలహీనమైన వైపు, 10 మైక్రోమోలార్‌లో పదార్థం కరగకుండా తెల్లగా మిగిలిపోతుంటుంది. కాబట్టి అసలు సెలెక్టివిటీ 2,000 రెట్లున్న పదార్థం 300గా తేలడం వింతేమీ కాదు. చాలా సెలెక్టివ్ పదార్థం దొరికిందనిపిస్తే గట్టి వైపు మెంబ్రేన్ తగ్గించి, గుంట పరిమాణం 500 మైక్రోలీటర్లకో ఇంకా పైకో పెంచి, సమయం పొడిగించి మళ్లీ కొలవండి.

ప్రశ్న: పదార్థం గాఢత పెరిగేకొద్దీ మిగిలే హాట్ బైండింగ్‌ను చూపే మా వక్రరేఖ ఒక్కోసారి 100 శాతం దాటి పైకి పోతోంది. ఇంకోసారి నిట్టనిలువుగా పడిపోతోంది. ఎలా అర్థం చేసుకోవాలి?
- పోస్ట్‌డాక్టరల్ పరిశోధకుడు, పుణె

జవాబు: పైకి పోయేదాన్ని పారేయకండి. ఆర్గ్-27569 అనే పదార్థం సీబీ1 మీద అచ్చం ఇలాగే ఉంటుంది: సీపీ-55,940 బైండింగ్‌ను పెంచుతూ, రిసెప్టర్ పనిని మాత్రం తగ్గిస్తుంది. అది వేరే చోట కూర్చునే అల్లోస్టెరిక్ పదార్థం. మీదీ అలాంటిదేమోనని తెలుసుకోవాలంటే, హాట్‌ను సమతాస్థితికి తెచ్చాక, విన్-55,212-2ను ఒక్కదాన్నే వేసినప్పుడూ దానితోపాటు మీ పదార్థం వేసినప్పుడూ హాట్ విడిపోయే వేగం కొలవండి. సాదా పోటీదారైతే వేగం మారదు. అల్లోస్టెరిక్ పదార్థమైతే చాలావరకు మారుతుంది. అలా తేలినదానికి కేఐ రాయడం, దాన్ని వేరేదాని కేఐతో భాగించడం రెండూ కుదరవు.

నిట్టనిలువుగా, హిల్ వాలు (వక్రరేఖ ఎంత నిటారో చెప్పే అంకె) 1.5 దాటి పడితే అనుమానించాల్సింది కరగకుండా ముద్దకట్టడాన్ని, లేదా డిటర్జెంట్‌లాగా మెంబ్రేన్‌నే పాడుచేయడాన్ని. వాలు ఒకటికి బాగా తక్కువగా, పడుకున్నట్టు వస్తే వేరే సంగతి. సీపీ-55,940 అగోనిస్ట్ (రిసెప్టర్‌ను నడిపించేది) కాబట్టి, సంకేతాన్ని కణంలోకి చేరవేసే జీ-ప్రొటీన్‌తో జతకట్టిన రిసెప్టర్‌ను ఎక్కువ ఇష్టపడుతుంది. బఫర్‌లో మెగ్నీషియం తగ్గినా, సోడియం లేదా జీటీపీ చేరినా ఆ జత విడిపోయి అగోనిస్ట్‌ల పట్టు సడలుతుంది. ఇన్వర్స్ అగోనిస్ట్‌లకు (రిసెప్టర్ పనిని తగ్గించేవాటికి) ఆ బాధ లేదు. ఒక అగోనిస్ట్‌నూ ఒక ఇన్వర్స్ అగోనిస్ట్‌నూ పక్కపక్కన పోల్చేటప్పుడు ఇది గుర్తుండాలి.

ప్రశ్న: ఆనందమైడ్ కేఐ ఒక పత్రంలో పదుల్లో, ఇంకోదాంట్లో వందల్లో ఉంది. ఎందుకంత తేడా?
- ఫార్మకాలజీ లెక్చరర్, తిరుపతి

జవాబు: 1992లో మెదడు నుంచి వేరుచేసిన, ఒళ్లే తయారుచేసుకునే ఈ కన్నాబినాయిడ్‌ను, మెదడు మెంబ్రేన్‌లోనే ఉండే ఎఫ్ఏఏహెచ్ అనే ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. 90 నిమిషాల్లో మీరు వేసినదాంట్లో ఎంత మిగిలిందో చెప్పలేరు. పీఎంఎస్ఎఫ్‌తో ఆ ఎంజైమ్‌ను ఆపి కొలిచినవి తక్కువ అంకెలు, ఆపకుండా కొలిచినవి ఎక్కువ అంకెలు. పీఎంఎస్ఎఫ్ నీటిలో త్వరగా పాడవుతుంది కనుక వాడబోయే ముందే బఫర్‌లో కలపాలి. ఎలుక మెదడుతో సీబీ1, ప్లీహంతో సీబీ2 కొలిచి ఆనందమైడ్ నిష్పత్తి కడితే, అందులో సగం ఎంజైమ్ కథే ఉంటుంది. ఒంట్లోనే తయారయ్యే మరో కన్నాబినాయిడ్ 2-ఏజీకి ఇంకో బెడద: నీటిలో దాని కొవ్వు ఆమ్లపు గొలుసు పక్క స్థానానికి జరిగి 1-ఏజీగా మారిపోతుంది.

ప్రశ్న: సీబీ2ను మాత్రమే పట్టుకునే మందు ఇక సురక్షితమేనా? గంజాయిలోని మరో పదార్థమైన సీబీడీ ఉన్న నూనె కూడా అలాంటిదేనని అమ్ముతున్నారు.
- విశ్రాంత ఉపాధ్యాయురాలు, కరీంనగర్

జవాబు: బైండింగ్ చెప్పేది పట్టుకుందా లేదా అని మాత్రమే. పట్టుకున్నాక రిసెప్టర్‌ను నడిపిస్తుందో, ఆపేస్తుందో చెప్పదు. దానికి జీటీపీ-గామా-ఎస్ బైండింగ్, సైక్లిక్ ఏఎంపీ లాంటి వేరే పరీక్షలు చేయాలి. అవి కూడా సీబీ1, సీబీ2 రెండింటి మీదా చేయాలి.

సెలెక్టివ్ అయితే సురక్షితమన్న నమ్మకానికి రిమోనబాంట్ గట్టి దెబ్బ. సీబీ1ను కొన్ని నానోమోలార్లలో పట్టి ఆపేసే పదార్థం అది, సీబీ2 జోలికి పెద్దగా పోదు. ఊబకాయానికి 2006లో యూరప్‌లో అనుమతి వచ్చింది. కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయని 2008 అక్టోబరులో నిలిపేశారు. కొలతలో లోపం లేదు. అది గురిపెట్టిన రిసెప్టరే మెదడులో మనసును నిలబెట్టే పనిలో ఉంది. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్‌లో జరిగిన దుర్ఘటన వేరే రకం. ఆనందమైడ్‌ను విరిచే ఎంజైమ్‌ను ఆపే మందు, బీఐఏ 10-2474, తీసుకున్న స్వచ్ఛంద సేవకుల్లో ఒకరు చనిపోయారు. ఆ మందు ఎఫ్ఏఏహెచ్‌తో పాటు మరికొన్ని కొవ్వు ఎంజైములనూ తాకుతోందని తర్వాత తేలింది. కాబట్టి సీబీ1, సీబీ2 రెండే కొలిచి ఊరుకోకూడదు. జీపీఆర్55, టీఆర్‌పీవీ1 అనే ఇతర లక్ష్యాలు, కొవ్వు ఎంజైములు, గుండెలోని హెర్గ్ చానెల్ దాకా చూడాలి.

సీబీడీ విషయానికొస్తే, అది సీబీ2ను మాత్రమే పట్టుకునేది కాదు. రెండింటినీ చాలా బలహీనంగా, మైక్రోమోలార్ స్థాయిలో పడుతుంది. కొన్ని అరుదైన పిల్లల మూర్ఛ వ్యాధులకు 2018లో అమెరికాలో శుద్ధిచేసిన సీబీడీకి అనుమతి వచ్చిన మాట నిజం. అది ఈ రిసెప్టర్ల వల్ల పనిచేస్తోందని ఎవరూ చూపలేదు. మూర్ఛకు క్లోబజామ్ లాంటి మందులు వాడేవాళ్లు సీబీడీ తీసుకుంటే ఒంట్లో వాటి స్థాయి మారుతుంది. డాక్టరును అడగకుండా తీసుకోకండి.

ప్రశ్న: రేడియోధార్మికత లేకుండా చేయలేమా? అనుమతులకే ఏడాది పోయేలా ఉంది.
- బయోటెక్ స్టార్టప్ ఉద్యోగి, జీనోమ్ వ్యాలీ

జవాబు: చేయొచ్చు. రిసెప్టర్ బయటి కొసకు లూసిఫరేజ్ (వెలుగునిచ్చే ఎంజైమ్) తగిలించి, మెరిసే లిగాండ్ దగ్గరకొచ్చినప్పుడు కాంతి బదిలీని కొలిచే పద్ధతి ఉంది. పది నానోమీటర్లలోపు వస్తేనే సిగ్నల్ కనుక, ప్లాస్టిక్‌కు అంటుకున్న లిగాండ్ అంతగా బాధించదు. కడగనక్కర్లేదు, పట్టడం, వదలడం నిమిషం నిమిషానికీ చూడొచ్చు. అయితే మెరిసే తోక తగిలించిన లిగాండ్ సీబీ1నూ సీబీ2నూ సమానంగా పట్టడం కష్టం, రెండింటికి రెండు వేరు లిగాండ్లు కావలసిరావచ్చు. టీహెచ్‌సీ, రిమోనబాంట్, ఎస్ఆర్-144528 లాంటి తెలిసిన పదార్థాలతో ముందు సరిచూసుకున్నాకే మీ కొత్తవాటికి వెళ్లండి. మా ఎంపిక ఇప్పటికీ ట్రిటియమే. పాత విలువలన్నీ దానితో వచ్చినవి, పోల్చుకోవడం తేలిక.

ట్రిటియానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, రేడియేషన్ భద్రతాధికారి తప్పనిసరి. దాని బీటా శక్తి గరిష్ఠంగా 18.6 కేఈవీ, చర్మాన్ని దాటదు, గైగర్ కౌంటర్‌కు కనిపించదు. ఒలికిందేమో తెలియాలంటే తడి కాగితంతో బల్ల తుడిచి సింటిలేషన్ కౌంటర్‌లో పెట్టడమొక్కటే దారి. అర్ధాయువు 12.3 ఏళ్లు, కాబట్టి వ్యర్థాన్ని మూలన పెట్టి తగ్గేదాకా ఆగుదామంటే కుదరదు. టీహెచ్‌సీ వాడాలంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అనుమతి వేరుగా తీసుకోవాలి. రెండు దరఖాస్తులూ ఒకేసారి పెట్టండి.

ప్రశ్న: నిష్పత్తిని ఎన్నిసార్లు కొలిచి, ఎలా రాయాలి? ఎలుక రిసెప్టర్ విలువలు కలపొచ్చా?
- పరిశోధక విద్యార్థిని, డాలస్

జవాబు: కనీసం మూడు వేర్వేరు రోజులు, వేర్వేరుగా పలచన చేసి. ఒకే ప్లేటులో మూడు గుంటలు పెట్టడం మూడు ప్రయోగాలు కావు. కేఐలను నేరుగా సగటు తీయవద్దు, లాగ్‌లోకి మార్చి తీయండి. 20, 30, 90 వస్తే మామూలు సగటు 47, లాగ్ సగటు 38. మొదటిది ఒక్క చెడ్డరోజు మాట విని పైకి పోయింది.

నిష్పత్తికీ పొరపాటు హద్దు ఉంటుంది. పీకేఐలో (కేఐని లాగ్‌లోకి మార్చిన అంకెలో) రోజుకూ రోజుకూ తేడా 0.15 అనుకుందాం, బాగా నడిచే ల్యాబ్‌లో వచ్చేదే. మూడేసి ప్రయోగాలతో 3 రెట్లు అని తేలిన సెలెక్టివిటీకి 95 శాతం హద్దులు 1.4 నుంచి 6.6 దాకా పోతాయి. 3 రెట్లను చూసి అణువులో ఫలానా గుంపు మార్చితే సెలెక్టివిటీ పెరిగిందని సిద్ధాంతం కట్టకండి.

ఎలుక విలువలు కలపవద్దు. సీబీ1 మనిషికీ ఎలుకకూ 97 శాతం ఒకటే కనుక అక్కడ పెద్ద ప్రమాదం లేదు. సీబీ2లో పోలిక 81 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఏఎం1241 లాంటి పదార్థాలు మనిషి సీబీ2 మీద ఒకలా, ఎలుక సీబీ2 మీద ఇంకోలా పనిచేశాయి. జంతువుల్లో పరీక్షించబోయే పదార్థమైతే ఆ జంతువు సీబీ2తో విడిగా కొలిచి, పట్టికలో విడి గడిలో వేయండి. ఎలుక మెదడు సీబీ1నూ మనిషి సీబీ2నూ భాగించిన నిష్పత్తులు పాత పత్రాల్లో బోలెడున్నాయి. వాటిని ఎత్తి రాసేటప్పుడు ఏది ఏ జీవిదో పక్కనే రాయండి. హాట్ లిగాండ్, దాని గాఢత, రెండు కేడీలు, బీఎస్ఏ శాతం, సమయం, ఉష్ణోగ్రత కూడా అదే పట్టిక కింద ఉండాలి.